చప్పట్లు ఆగిపోయాక

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకి వినిపిస్తోందా? సరే, మైకు కాస్త దగ్గరగా పెట్టుకుంటాను.

ముందే చెప్పేస్తాను, బరువు ఎలా తగ్గాలో ఇవాళ నేను చెప్పబోవడం లేదు. అది మీ అందరికీ తెలుసు. ఏది తగ్గించుకోవాలో, ఎంత నడవాలో తెలియనివాళ్ళు ఈ హాల్లో ఒక్కరు కూడా ఉండరు. నేనడిగేది వేరు. జీవితంలో ఒక్కసారైనా ఐదు కిలోలకి మించి తగ్గినవాళ్ళు చెయ్యెత్తండి. చూశారా, సగానికి పైనే ఉన్నారు. చేతులు దించకండి. ఆ తగ్గిన బరువు మళ్ళీ వచ్చేసినవాళ్ళు మాత్రం అలాగే ఉంచండి. అక్కడక్కడ నాలుగైదు దిగాయి, అంతే. నా చెయ్యి కూడా పైనే ఉంది, గమనించారో లేదో.

నేను మొదటిసారి 88 కిలోల నుంచి 69కి వచ్చాను. 19 కిలోలు, పది నెలలు పట్టింది. ఆ తర్వాత 14 నెలల్లో 85కి చేరాను. తగ్గేటప్పుడు ఒక్కో కిలో ఎలా పోయిందో నాకు గుర్తుంది, పెరిగినప్పుడు మాత్రం ఒక్క కిలో కూడా గుర్తు లేదు, ఎప్పుడొచ్చాయో ఎలా వచ్చాయో తెలియకుండానే వచ్చేశాయి. ఏడాదిన్నర కష్టపడి రెండోసారి తగ్గాను. అప్పటి నుంచి ఆరేళ్ళుగా, రెండుసార్లు తప్ప, 70కీ 73కీ మధ్యలోనే ఉన్నాను. మొదటిసారి ఎందుకు నిలబడలేదు, రెండోసారి ఎలా నిలబడింది, ఇవాళ నేను మాట్లాడేది దాని గురించే.

తగ్గుతున్నప్పుడు రోజూ కూలి దొరుకుతుందండి. నిజంగానే కూలి. పొద్దున లేచి మెషీన్ ఎక్కితే 300 గ్రాములు తగ్గి ఉంటుంది, పాత బట్టలు వదులవుతాయి, ఎదురుపడ్డ ప్రతివాళ్ళూ "ఏంటీ, బాగా తగ్గావే, ఏం చేస్తున్నావు?" అని అడుగుతారు. కడుపు కాస్త కాలినా ఆ ఒక్క మాటతో సాయంత్రం దాకా గడిచిపోతుంది. ఒకరోజు అనుకున్న బరువుకి వచ్చేస్తారు. ఆ రోజు పండగే. మరి ఆ మర్నాడు? మర్నాడు కూడా అదే నడక, అదే కొలత, అదే "వద్దులెండి, చాలు". పని ఒక్క పిసరు కూడా తగ్గదు. కూలి మాత్రం ఆగిపోతుంది. మెషీన్ మీద నిన్నటి అంకే ఉంటుంది, ఉంటేనే గెలిచినట్టు, కానీ నిన్నటి అంకె చూసి ఎవరికి ఉత్సాహం వస్తుంది చెప్పండి. రెండు నెలలు పోయాక మీరు సన్నగా ఉండటం అందరికీ మామూలైపోతుంది. ఒక పెళ్ళికి వెళ్ళాను, వచ్చిన బంధువుల్లో ఒక్కరు కూడా నా బరువు ఊసెత్తలేదు. ఇంటికొచ్చి ఎంత దిగులుగా కూర్చున్నానో. ఆ దిగులుకి కారణం ఇదేనని అప్పుడు నాకు తెలియదు.

అలెగ్జాండర్ రోత్‌మన్ అని ఒక మనస్తత్వ శాస్త్రవేత్త 2000 సంవత్సరంలో దీని గురించి రాశారు. ఒక అలవాటు మొదలుపెట్టేటప్పుడు మనల్ని నడిపించేది ముందు ముందు ఏదో మంచి జరుగుతుందన్న ఆశ, దాన్ని కొనసాగించేటప్పుడు నడిపించేది ఇప్పుడు చేతిలో ఉన్నదాని మీద తృప్తి అంటారాయన. ఇది చదివినప్పుడు నా కథే ఎవరో రాసినట్టు అనిపించింది. నేను పది నెలలు ఆశ మీద నడిచాను, ఆశ తీరిపోయింది. తృప్తి ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో నేర్చుకోలేదు.

ఇక పెరగడం ఎలా జరిగిందో చెప్తాను, ఎందుకంటే మీలో చాలామందికి ఇలాగే జరిగి ఉంటుంది. ఒక ఆదివారం మెషీన్ ఎక్కితే 71 చూపించింది. రెండు కిలోలు. ముందు రోజు రాత్రి ఎక్కడో భోజనం చేశాను, అందులో ఉప్పుకీ నీళ్ళకీ కూడా కొంత పెరిగి ఉంటుంది, నిజానికి కంగారు పడాల్సింది ఏమీ లేదు. కానీ నాకు సిగ్గేసింది. ఈ వారం గట్టిగా చేసి వచ్చే ఆదివారం చూసుకుందాం అని మెషీన్‌ని కాలితో మంచం కిందకి నెట్టేశాను. కాలితో నెట్టినప్పుడు అది గచ్చు మీద గీసుకుంటూ వెళ్ళిన చప్పుడు ఇప్పటికీ గుర్తుంది. వచ్చే ఆదివారం తీయలేదు. ఆ పై వారం అసలు తీయబుద్ధి కాలేదు. ఎనిమిది నెలల తర్వాత ఇల్లు సర్దుతూ ఏదో వెతుకుతుంటే బయటికి వచ్చింది, పైన వేలితో పేరు రాసేంత దుమ్ము. తుడిచి ఎక్కాను. 80. ఆ రోజు నన్ను నేను తిట్టుకున్న మాటలు పగవాళ్ళని కూడా అనను. మనసు గట్టిది కాదు నాది, నాకు ఏదీ చేతకాదు, ఇలా.

ఇక్కడ కాసేపు ఆగుతాను. ఆ తిట్లు ఎంత అన్యాయమో చెప్పాలి కదా.

మన ఒంట్లో కొవ్వు కణాలు లెప్టిన్ అనే హార్మోన్‌ని వదులుతాయి. దీన్ని 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం కనిపెట్టింది. కొవ్వు తగ్గితే లెప్టిన్ తగ్గుతుంది, అది చూసి మెదడు "నిల్వలు అయిపోతున్నాయి, కరువొచ్చింది" అనుకుంటుంది. కడుపులో గ్రెలిన్ అని ఇంకోటి ఉంది, అది ఆకలి పుట్టిస్తుంది. బరువు తగ్గితే అది పెరుగుతుంది. 2011లో ఆస్ట్రేలియాలో ఒక అధ్యయనం జరిగింది, 50 మందితో మొదలుపెట్టి పది వారాలు బాగా తక్కువ కేలరీలతో బరువు తగ్గించారు. ఏడాది తర్వాత మళ్ళీ రక్తం పరీక్ష చేస్తే, ఆకలిని నడిపించే హార్మోన్లు అప్పటికీ పాత స్థాయికి రాలేదు. ఆకలి కూడా తగ్గకముందు కంటే ఎక్కువే ఉంది. ఏడాది తర్వాత కూడా! అంటే మీరు అనుకున్న బరువుకి వచ్చి హమ్మయ్య అనుకుంటున్నప్పుడు, మీ ఒళ్ళు మాత్రం పోయినదాన్ని ఎలా రాబట్టుకోవాలా అని చూస్తుంటుంది.

ఇంకోటి. కెవిన్ హాల్ అనే పరిశోధకుడి బృందం, బరువు తగ్గే పోటీ ఉన్న ఒక అమెరికన్ టీవీ షోలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ళ తర్వాత పిలిచి చూసింది. 2016లో ఆ ఫలితాలు వచ్చాయి. సగటున 58 కిలోలు తగ్గినవాళ్ళకి 41 కిలోలు తిరిగొచ్చేశాయి. వాళ్ళ ఒళ్ళు విశ్రాంతిలో ఖర్చుపెట్టే శక్తి, ఆ సైజు మనిషికి ఉండాల్సిన దానికంటే రోజుకి 500 కేలరీల దాకా తక్కువగా ఉంది, అదీ ఆరేళ్ళ తర్వాత. వాళ్ళు విపరీతంగా, చాలా వేగంగా తగ్గారు కాబట్టి అందరికీ అంత ఉంటుందని భయపడక్కర్లేదు. కానీ దిశ మాత్రం అందరికీ అదే, ఆకలి పెరుగుతుంది, ఖర్చు తగ్గుతుంది. ఆ గుంపులోనే ఎక్కువ బరువు నిలబెట్టుకున్నవాళ్ళు ఎవరు అని చూస్తే, ఒంటి కదలిక బాగా పెంచుకున్నవాళ్ళే అని తర్వాత తేలింది.

కాబట్టి అమ్మా, అయ్యా, బరువు తిరిగొస్తే అది మీ గుణం చెడ్డదని కాదు. ఎదురుగాలిలో సైకిల్ తొక్కుతున్నారు, అంతే. గాలి ఉందని తెలిసినవాడు గేరు మార్చుకుంటాడు, తెలియనివాడు తన కాళ్ళని తిట్టుకుంటాడు.

మరి ఈ గాలికి ఎదురెళ్ళి ఏళ్ళ తరబడి నిలబడ్డవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. 1994లో రీనా వింగ్, జేమ్స్ హిల్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో ఒక రిజిస్ట్రీ, అంటే అలాంటివాళ్ళ వివరాల జాబితా, మొదలుపెట్టారు. కనీసం 13.6 కిలోలు తగ్గి, ఏడాదికి పైగా అలాగే ఉన్నవాళ్ళకే అందులో చోటు. పదివేల మందికి పైగా చేరారు. వీళ్ళేం చేస్తున్నారా అని చూస్తే మంత్రాలేమీ కనిపించలేదు. పదిమందిలో తొమ్మిదిమంది రోజుకి సగటున గంటసేపు ఏదో ఒక వ్యాయామం, ఎక్కువమందిది నడకే. నలుగురిలో ముగ్గురు వారానికి ఒక్కసారైనా బరువు చూసుకుంటారు. ఎక్కువమంది పొద్దున టిఫిన్ మానరు. నాకు బాగా నచ్చినది ఇంకోటుంది, రెండు నుంచి ఐదేళ్ళు నిలబెట్టుకున్నవాళ్ళకి ఆ తర్వాత కూడా నిలబడే అవకాశం బాగా పెరుగుతుంది. అంటే ఈ బరువు జీవితాంతం ఒకేలా మోయక్కర్లేదు, మొదటి రెండేళ్ళే అసలు గండం. నాకైతే మూడో ఏడు నుంచి తేడా తెలిసింది.

ఇప్పుడు మోటివేషన్ సంగతి. అందరూ దీన్ని పెట్రోల్ లాగా అనుకుంటారు, ట్యాంకు నిండా ఉంటే బండి వెళ్తుంది, అయిపోతే ఆగిపోతుంది అని. ఒక వీడియో చూస్తాం, ఒక ప్రసంగం వింటాం, నాలుగు రోజులు పరిగెడతాం. నా ప్రసంగం కూడా అలాంటిదే అయితే రావడం దండగ. ఉత్సాహం వస్తుంది, పోతుంది, దాన్ని పట్టి ఉంచడం ఎవరి వల్లా కాదు. నేను రెండోసారి చేసిందల్లా, ఉత్సాహం ఉన్న రోజున కూర్చుని ఉత్సాహం లేని రోజు కోసం ఏర్పాట్లు చేసుకోవడం.

అందులో మొదటిది, దాటకూడని ఒక గీత. నా నోట్‌బుక్‌లో మొదటి పేజీలో మూడు రంగులు వేసి పెట్టాను. 71.5 దాకా ఆకుపచ్చ, 73 దాకా పసుపు, దాటితే ఎరుపు. ఇది నా తెలివి కాదండి, 2006లో అదే రీనా వింగ్ బృందం 314 మంది మీద చేసిన ప్రయోగం నుంచి తీసుకున్నాను. వాళ్ళందరూ ఇటీవలే బరువు తగ్గినవాళ్ళు. వాళ్ళలో కొందరికి రంగుల లెక్క నేర్పించి, రోజూ బరువు చూసుకోమని చెప్పి, ఎరుపులోకి వస్తే వెంటనే ఏం చేయాలో ముందే చెప్పి పెట్టారు. ఆకుపచ్చలో ఉన్నవాళ్ళని మెచ్చుకునేవాళ్ళు కూడా. చూశారా, ఏమీ మారకుండా ఉన్నందుకు మెచ్చుకోలు! ఒకటిన్నర ఏడాది తర్వాత, కేవలం కరపత్రాలు అందుకున్నవాళ్ళలో 72 శాతం మంది 2.3 కిలోలో అంతకంటే ఎక్కువో పెరిగితే, ఎదురుగా కూర్చుని నేర్చుకున్నవాళ్ళలో 46 శాతమే అలా పెరిగారు. అందరికీ పని చేసిందని కాదు, కానీ తేడా చిన్నది కాదు.

నా పసుపు పేజీలో ఏం రాసుందో చదువుతాను, నోట్‌బుక్ తెచ్చాను. "రాత్రి భోజనం ఎనిమిది లోపల. రెండోసారి వడ్డించుకోవద్దు. సాయంత్రం ఇంకో ఇరవై నిమిషాలు నడక. తిన్నది రాయి. రెండు వారాలు. భయపడకు." ఆ చివరి మాట కింద రెండు గీతలు గీశాను. ఎందుకంటే పెరిగిన రోజు మనకి బుర్ర పనిచేయదు, సిగ్గు పనిచేస్తుంది. అప్పుడు ఆలోచించి నిర్ణయం తీసుకోమంటే మెషీన్ మళ్ళీ మంచం కిందకి పోతుంది. స్థిమితంగా ఉన్న రోజు రాసుకున్న కాగితం ఉంటే దాన్ని చూసి చేసుకుపోవడమే. ఆరేళ్ళలో పసుపులోకి చాలాసార్లు వెళ్ళాను. ఎరుపులోకి రెండుసార్లు, ఒకటి మా అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు, ఒకటి నా కాలు బెణికినప్పుడు. రెండుసార్లూ వెనక్కి వచ్చాను. మొదటిసారికీ రెండోసారికీ నా ఆకలి మారలేదు, నా మనసేమీ ఇనుమైపోలేదు, రెండు కిలోల దగ్గరే తెలుసుకున్నాను, పదకొండు కిలోల దగ్గర కాదు.

రోజు బరువు రోజు చూస్తే కొందరికి బెంగ పట్టుకుంటుంది, అది కూడా నిజమే. అలాంటివాళ్ళు వారానికోసారి చూసుకోండి, లేదా నడుము కొలత, పాత ప్యాంటు, ఏదైనా సరే, ఒక కొలబద్ద ఉండాలి. రోజూ చూసేవాళ్ళు వారం సగటు లెక్క వేసుకోండి, ఒక్క రోజు అంకెని నమ్మకండి, ఒక్క కిలో అటూ ఇటూ నీళ్ళే ఆడిస్తాయి. తిండి విషయంలో భయాలు, తిని కక్కేయడం, పస్తులుండటం లాంటివి ఎప్పుడైనా ఉన్నవాళ్ళు మాత్రం ఈ అంకెల జోలికి సొంతంగా వెళ్ళొద్దు, డాక్టర్ని, కౌన్సెలర్ని పక్కన పెట్టుకునే చేయాలి. ఇది గట్టిగా చెప్తున్నాను.

రెండో ఏర్పాటు, ఎందుకు చేస్తున్నానన్న కారణం. మొదటిసారి నా కారణం ఒక పెళ్ళి. పెళ్ళి అయిపోయింది, కారణమూ అయిపోయింది. తేదీ ఉన్న కారణాలన్నీ ఇంతే, ఫొటో, ఫంక్షన్, పాత స్నేహితులు కలిసే రోజు. వాటితో మొదలుపెట్టడం తప్పేమీ కాదు, చాలా బాగా మొదలవుతుంది కూడా, కానీ ఆ రోజు దాటాక వేరే కారణం సిద్ధంగా లేకపోతే చేతులు ఖాళీ. నా రెండో కారణం నేను వెతికితే దొరకలేదు, అదే ఎదురొచ్చింది. ఒకరోజు పొద్దున నడకకి వెళ్తూ గుమ్మం దగ్గర వంగి బూట్ల లేసు కట్టుకుంటున్నాను. కట్టుకుని లేచాక తట్టింది, ఊపిరి బిగబట్టలేదు. 88 కిలోలప్పుడు ఒక్కో లేసుకి ఒక్కసారి ఊపిరి బిగబట్టి, కట్టి, లేచి, ఆయాసం తీర్చుకుని, రెండో కాలికి వంగేదాన్ని. అది అలవాటైపోయి, అందరూ అలాగే కడతారనుకునేదాన్ని. ఆ రోజు గుమ్మంలో అలా నిలబడిపోయాను. నాకు కూలి ఇక్కడుంది, నేను ఇన్నాళ్ళూ మెషీన్ మీద వెతుక్కుంటున్నాను.

అప్పటి నుంచి నోట్‌బుక్‌లో బరువు పక్కన ఇంకో గడి గీసుకున్నాను. ఇవాళ ఒళ్ళు నాకేం చేసిపెట్టింది అని. ఒక్క వాక్యం. "మూడో అంతస్తు ఆగకుండా ఎక్కాను." "రాత్రి మెలకువ రాలేదు." "మోకాలు పట్టలేదు." "మనవడు పరిగెడితే పట్టుకున్నాను." కొన్ని రోజులు రాయడానికి ఏమీ ఉండదు, ఖాళీగా వదిలేస్తాను. అంకె మారకపోయినా ఈ గడి మారుతుంది. ఉత్సాహం లేని రోజు పాత పేజీలు తిరగేస్తే నన్ను లేపి బూట్లు వేయించేది ఈ వాక్యాలే, అంకెలు కాదు. మీకు షుగర్ ఉంటే మీ రక్తపరీక్ష కాగితం, బీపీ ఉంటే ఆ రీడింగ్, ఇవి కూడా కూలే. 2002లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, షుగర్ వచ్చే ప్రమాదం ఉన్నవాళ్ళు ఏడు శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం లక్ష్యంగా పెట్టుకుంటే, సగటున మూడేళ్ళలో షుగర్ వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. ఏడు శాతమే, గమనించండి. అద్దంలో పెద్దగా తేడా తెలియని బరువు అది.

నియమం తప్పడం గురించి త్వరగా చెప్తాను. 1975లో హెర్మన్, మ్యాక్ అని ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. డైట్‌లో ఉన్నవాళ్ళకీ మామూలువాళ్ళకీ ముందు మిల్క్‌షేక్ తాగించి తర్వాత ఐస్‌క్రీమ్ రుచి చూడమన్నారు. మామూలువాళ్ళు షేక్ తాగాక ఐస్‌క్రీమ్ తక్కువ తిన్నారు, డైట్‌లో ఉన్నవాళ్ళు ఎక్కువ తిన్నారు. ఎలాగూ ఇవాళ చెడిపోయింది కదా అని! మనందరికీ తెలిసిన మాటే ఇది, "సరే, సోమవారం నుంచి చూసుకుందాం." గురువారం మధ్యాహ్నం తప్పితే సోమవారం దాకా పదకొండు పూటలు. ఒక్క పూట మిమ్మల్ని లావు చేయదు, ఒక కిలో కొవ్వు కట్టాలంటే 7,700 కేలరీల దాకా అదనంగా పడాలి, ఆ పదకొండు పూటలే చేస్తాయి ఆ పని. నాకున్న నియమం ఒక్కటే, తప్పిన పూట తర్వాత వచ్చే పూట మామూలు పూట. ప్రాయశ్చిత్తం ఉండదు, పస్తు ఉండదు. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం అలవాట్ల మీద చేసిన పరిశోధనలో కూడా, ఒక అలవాటు కుదురుకోవడానికి సగటున 66 రోజులు పట్టింది, కొందరికి 18, కొందరికి 254, మధ్యలో ఒక రోజు తప్పినందువల్ల పెద్ద నష్టమేమీ కనిపించలేదు.

ఇంట్లోవాళ్ళ సంగతి కూడా. తగ్గేటప్పుడు సాయం చేసినవాళ్ళే తగ్గాక "ఇంక చాలు, మొహం పీక్కుపోయింది, తిను" అంటారు. ప్రేమతోనే అంటారు. నేను మా వాళ్ళని కూర్చోబెట్టి ఒకసారి చెప్పాను, తగ్గడం అయిపోయింది, ఇప్పుడు నేను చేస్తున్నది తగ్గడం కాదు, ఇది నా మామూలు జీవితం, నాకు పొగడ్తలు వద్దు, సాయంత్రం ఆరింటి నుంచి ఏడింటి దాకా నన్ను పిలవకండి చాలు అని. ఆ గంట ఇప్పటికీ నాదే.

సరే, నేను చెప్పాల్సింది చెప్పేశాను. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక శ్రోత: మేడమ్, నేను ఇంజెక్షన్ తీసుకుని 12 కిలోలు తగ్గాను. ఇప్పుడు ఆపేయొచ్చా? మోసం చేసి తగ్గినట్టు అందరూ మాట్లాడుతున్నారు.)

మోసమేమీ లేదమ్మా. ఇందాక చెప్పిన ఎదురుగాలిని ఆ మందు కొంత ఆపుతుంది. కళ్ళజోడు పెట్టుకుని చదివితే మోసమా? కానీ ఆపే విషయం మాత్రం మీ డాక్టర్‌తో మాట్లాడకుండా నిర్ణయించుకోకండి. సెమాగ్లుటైడ్ అని బరువు తగ్గించే ఇలాంటి ఇంజెక్షన్ ఒకటుంది, దాన్ని ఆపేసినవాళ్ళని ఒక అధ్యయనంలో ఏడాది పాటు గమనిస్తే, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. ఆపితే ఎలా, కొనసాగిస్తే ఎలా, రెండూ అడగండి. మందు ఉన్నప్పుడే నడక, నోట్‌బుక్ మొదలుపెట్టండి, ఆకలి తక్కువున్నప్పుడు అలవాట్లు చేసుకోవడం తేలిక.

(ఇంకొక శ్రోత: ఇలా ఎన్నాళ్ళు రాయాలండీ? ఎప్పటికీనా?)

మీరెన్నాళ్ళు రాయాలో నేను చెప్పలేను. నేనైతే ఇంకా రాస్తున్నాను. మొదటి రెండేళ్ళూ అరగంట పట్టేది, తిన్నదీ తాగిందీ అన్నీ రాసేదాన్ని. ఇప్పుడు అర నిమిషం. ఇవాళ్టిది చూపిస్తాను, ఇదిగో, ముందు వరసలో ఉన్నవాళ్ళు చూడొచ్చు. 71.2, ఆకుపచ్చ. పక్క గడి ఇంకా ఖాళీగానే ఉంది, గంటసేపు నిలబడి మాట్లాడాను, మధ్యలో కుర్చీ కావాలనిపించలేదు, ఇంటికెళ్ళి అది రాసుకుంటాను.